పట్టూ విడుపూ: చెయ్యి ఊపి ఆడే ఆటల సంగతి

ఆడటం కాదు, అడగటం

వీడియో గేములు బాగా ఆడతాం కాబట్టి గేమ్ టెస్టర్ ఉద్యోగం తమకే రాసిపెట్టి ఉందనుకుని వచ్చే పిల్లలకు నేను మొట్టమొదట చెప్పే మాట ఒకటుంది. బాగా ఆడటం ఈ పనికి అడ్డం. బాగా ఆడేవాడికి ఆటలో లోపం కనబడదు. గోడ ఉండవలసిన చోట గోడ లేకపోతే అందులోంచి దూరిపోయి, చూశారా ఎంత త్వరగా గెలిచానో అంటాడు. మనకు కావలసింది గోడ ఎందుకు లేదని కూర్చుని అడిగే మనిషి, జవాబు వచ్చేదాకా లేవని మనిషి. ఆ గుణం నాలో చిన్నప్పటి నుంచి ఉంది. ఇంట్లో దాన్ని నోటి దురుసు అన్నారు. ఈ ఉద్యోగంలో దానికే జీతమిచ్చారు.

అంతకుముందు నేను కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేదాన్ని. నా దగ్గర చదువుకున్న శ్రీనివాసులు బెంగళూరులో కొన్నేళ్ళు గేములు తయారుచేసే చోట పనిచేసి, తిరిగొచ్చి, కల్లూరులో ఒక ఇంటి పై అంతస్తు అద్దెకు తీసుకుని సొంతంగా చిన్న కంపెనీ పెట్టాడు. వాళ్ళది కర్నూలు బజారులో తాతల నాటి బట్టల దుకాణం. కొడుకు ఆటల వ్యాపారం పెట్టాడంటే వాళ్ళ నాన్న చాలాకాలం క్యారంబోర్డులు అమ్ముతున్నాడనే అనుకున్నాడు. శ్రీనివాసులు నన్ను పిలుస్తూ, క్లాసులో మీరు నా ప్రోగ్రాముల్లో తప్పులు పట్టినట్టు పట్టేవాళ్ళు నాకు యాడా దొరకలేదు మేడమ్ అన్నాడు. అది పొగడ్తో దెప్పో తేల్చుకోకుండానే చేరిపోయాను. అప్పటి నుంచి అతను నాకు బాసు, నేను అతనికి మేడమ్. ఈ తిరకాసు చివరిదాకా తెగలేదు.

రాయచోటి వైపు మా పుట్టింటివాళ్ళ పెళ్ళిలో ఒకసారి మా పెద్దత్త అందరి ముందూ అడిగింది, పిల్లకాయల ఆటలాడితే నీకు జీతమిస్తారంటనే అని. ఆడితే ఇవ్వరత్తా, ఆడి తిడితే ఇస్తారు అన్నాను. పందిరంతా నవ్వింది. ఆమెకు చెప్పలేకపోయింది వేరే ఉంది. బండలు పాలిష్ చేసే మిషన్ల మోత కింద నుంచి వస్తుండగా, ఆ పై అంతస్తు గదిలో మనిషి చెయ్యి చేసే పనులు చూసి నోట మాట రాక నిలబడిపోయిన రోజులు నాకు చాలా ఉన్నాయి. నా నోట మాట రాకపోవడం అంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

ఇంక్రిమెంట్లూ మీటింగులూ ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్క తగాదా గురించి. చెయ్యి ఊపి ఆడే ఆట నిజంగా కష్టమైన ఆట కాగలదా? మా ఆఫీసులో ఈ ప్రశ్న మీద పడినంత పోట్లాట మరి దేనిమీదా పడలేదు. దాని మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉండింది కూడా.

నస్రీన్ చేసిన తప్పు

నస్రీన్‌ది కడప. వాళ్ళ నాన్నకు టైర్ల షాపు ఉంది. బీకాం చదివి మా దగ్గరికి టెస్టర్ ఉద్యోగానికి వచ్చినప్పుడు హ్యాండ్‌బ్యాగులోంచి తువ్వాలలో చుట్టిన సొంత జాయ్‌స్టిక్ తీసి బల్ల మీద పెట్టింది. మంగలి తన కత్తి తెచ్చుకున్నట్టు తెచ్చుకున్నావే అన్నాను. ఇంకొకరి కత్తితో నేను గీయను మేడమ్ అంది.

ఆమెకు మా దగ్గరున్న వాటిలో అతి కష్టమైన ఆట ఇచ్చాను. చాలా దూరం వెళ్ళింది. మిగతావాళ్ళు చచ్చినప్పుడు జాయ్‌స్టిక్కును తిట్టేవాళ్ళు, కరెంటును తిట్టేవాళ్ళు, ఒకడైతే కుర్చీని తిట్టాడు. నస్రీన్ చచ్చినప్పుడు తెరను కాసేపు చూసి, నెమ్మదిగా అంది.

"ఇది నా తప్పే మేడమ్. వాడు కత్తి ఎత్తినప్పుడే పక్కకు పోవాల్సింది. ఇంకొక దెబ్బ వేద్దామని ఆశకు నిలబడితి."

ఆ మాటకే ఉద్యోగమిచ్చాం. ఆ మాటే నాకు ఈ వృత్తిలో కొలబద్ద అయింది. కష్టమైన ఆట అంటే శత్రువులు ఎక్కువగా ఉన్న ఆట కాదు. చచ్చినప్పుడు, తప్పు నాదే, ఎక్కడ చేశానో కూడా నాకు తెలుసు అని ఆడేవాడు అనగలిగే ఆట. అలా అనిపిస్తే మళ్ళీ మొదలుపెడతాడు. తప్పు మిషన్‌ది అనిపించిందా, ఇక అది ఆట కాదు, లాటరీ. లాటరీలో ఎంత ఓడిపోయినా మనిషి నేర్చుకునేదేమీ లేదు.

నస్రీన్ ఆడుతుంటే నేను తెర చూసేదాన్ని కాదు, ఆమె బొటనవేళ్ళు చూసేదాన్ని. ముఖంలో కదలిక ఉండదు, భుజాలు కదలవు. ఆ రెండు వేళ్ళు మాత్రం వాటికి వేరే ప్రాణం ఉన్నట్టు, ఒకటి మెల్లగా తోస్తూ, ఒకటి తాకీ తాకనట్టు నొక్కుతూ పోయేవి. వీణ వాయించే చేతులకు సభలు పెట్టి శాలువాలు కప్పుతాం. ఈ పిల్ల చేతులకు కల్లూరు షేర్ ఆటోలో ఇరుక్కుని ఇంటికి పోవడం తప్ప ఏ మర్యాదా లేదని నాకు చాలాసార్లు అనిపించింది.

ఊపుడు కట్టెలు

ఆ రోజుల్లో మేం తయారుచేస్తున్న ఆట పేరు 'కొండకాపు'. ఎండిపోయిన కొండ మీద పాడుపడిన కోట. దానికి కాపలా ఒక్కతే ఆడమనిషి. ఆమె ఆయుధం ఒడిసెల. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. మధ్యలో రాయి పెట్టుకునే చిన్న గుంట, దానికి రెండు పక్కలా రెండు తాళ్ళు. రెండు కొసలూ ఒకే చేతిలో పట్టుకుని గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే రాయి దూసుకుపోతుంది. జొన్నచేల మీద పిట్టలను తోలడానికి మా వైపు వాడేవాళ్ళు. ఆటలో బురుజు తర్వాత బురుజు కాపాడుకుంటూ పైకి పోవాలి. ఒక్క దెబ్బ తగిలితే కొండ కింది నుంచి మళ్ళీ మొదలు.

శ్రీనివాసులు ఒకరోజు అట్టపెట్టె నిండా మోషన్ కంట్రోలర్లు తెచ్చాడు. చేతిలో పట్టుకునే కట్టెలు. లోపలి చిప్పు చెయ్యి ఎటు తిరిగిందో, ఎంత వేగంగా తిరిగిందో చెబుతుంది. బటన్ నొక్కడం కాదు మేడమ్, నిజంగా ఒడిసెల తిప్పినట్టే ఆడొచ్చు అని మురిసిపోయాడు. మేం వాటికి ఊపుడు కట్టెలని పేరు పెట్టాం.

మొదటి రోజు ఆఫీసంతా జాతర. ఒకడు ట్యూబ్‌లైటుకు తగిలించాడు, ఒకడు పక్కవాడి ముక్కుకు. అందరూ బ్రహ్మాండం అన్నారు. మొదటి రోజు మాటలు ఎప్పుడూ రాసుకోకండి. కొత్త బొమ్మ చూసిన ఆనందం అది, ఆట మీద తీర్పు కాదు. వారం తిరిగేసరికి అందరూ కుర్చీల్లో వెనక్కి వాలి మణికట్టు మాత్రం ఈగను తోలినట్టు విదిలిస్తున్నారు. మిషన్ దాన్నీ పూర్తి విసురుగానే లెక్కేస్తోంది. చేతికున్న తెలివి అది, ఎంత తక్కువ శ్రమతో పని అవుతుందో ఎవరూ చెప్పకుండానే కనిపెట్టేస్తుంది. మీరు ఆటగాడి చేత భుజం తిప్పించాలని చూస్తారు, అతని చెయ్యి మీకు మణికట్టు విదిలించి చూపిస్తుంది.

రెండో లోపం ఇంకా పెద్దది. చెయ్యి ఊపిన తర్వాత రవ్వంత ఆలస్యంగా రాయి వెళ్ళేది. మా ప్రోగ్రామర్ ఓబులేశు ఎర్రగుంట్లవాడు, సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్సులో పెరిగినవాడు, మహా ఓపిక గలవాడు. ఎన్ని సర్దినా ఆ ఆలస్యం పోలేదు. ఎందుకంటే ఊపులో ఎక్కడ వేగం ఎక్కువో అక్కడ రాయి వెళ్ళాలని రాశాడు. ఊపు తగ్గడం మొదలైతే గానీ అంతకుముందున్నదే ఎక్కువ వేగమని మిషన్‌కు తెలియదు. అంటే తెలిసేసరికి ఎప్పుడూ ఆలస్యమే. నస్రీన్ ఆ కట్టెతో ఒక పూట ఆడి, పెళ్ళి ఊరేగింపులో చేతులూపినట్టుండాది అని పడేసి తన జాయ్‌స్టిక్కు తీసుకుంది. సచ్చినప్పుడు నేనెందుకు సచ్చినానో నాకు తెలీలేదు మేడమ్ అంది. నా కొలబద్ద ప్రకారం అంతకంటే పెద్ద తిట్టు లేదు.

బటన్లతో ఆడేది అసలు ఆట అనీ, ఊపుడు కట్టెలతో ఆడేది 'సులువు ఆట' అని పిల్లల కోసం వేరే పెట్టాలనీ మీటింగులో నేనే గట్టిగా చెప్పాను. శ్రీనివాసులు ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

గెలిపించడం

తర్వాత కొద్ది రోజులకే నస్రీన్ వస్తున్న షేర్ ఆటో గుంతలో పడి ఒరిగింది. పడకుండా ఊచ పట్టుకున్న ఆమె కుడిచెయ్యి నలిగింది. ఎముక అతుక్కుంది కానీ బొటనవేలి కీలు బిగుసుకుపోయింది. వ్యాయామం చేయించిన డాక్టరు అన్నం తినడానికీ రాయడానికీ ఇబ్బంది ఉండదు అన్నాడట. ఆ రెండు పనులూ ఎడమచేత్తో నేర్చుకోవచ్చు, నాకు కావలసింది వేరే అని ఈమె ఆయనతో వాదించి వచ్చింది.

తిరిగొచ్చి తువ్వాలలోంచి జాయ్‌స్టిక్కు తీసింది. మొదటి బురుజు కూడా దాటలేదు. ఆ బొటనవేలు చెట్టుకొమ్మలా నిలబడి ఉంది. శ్రీనివాసులు చెడ్డవాడు కాదు, నీకు వేరే పని చూస్తాలే, ఆఫీసు లెక్కలు చూసుకో అన్నాడు. లెక్కలే రాయాలంటే మా నాయన టైర్ల షాపు ఉండాది గదా సార్, బస్సు చార్జీ మిగులుతుంది అంది నస్రీన్. నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూసి నేను కిటికీ వైపు తిరిగాను.

ఎవరూ చూడనప్పుడు ఆమె ఊపుడు కట్టె అందుకుంది. దాన్ని నాలుగు వేళ్ళతో పట్టుకోవచ్చు, బొటనవేలు ఊరికే పక్కన పడుంటే చాలు. ఇక్కడే ఓబులేశు ఒక మంచి పని చెయ్యబోయాడు. ఆమె కంప్యూటరులో మాత్రం శత్రువుల వేగం కొంచెం తగ్గించి పెట్టాడు, ఆమెకు చెప్పకుండా. రెండు బురుజులు దాటింది. మూడో దాని దగ్గర కట్టె కింద పెట్టి లేచింది.

"నన్ను ఎవురప్పా గెలిపిస్తాండేది?"

ఓబులేశు తల దించుకున్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

"ఓబులేసన్నా, వీడు మూడో అడుగుకు కత్తి ఎత్తుతాడు. ఈరోజు ఆగి ఆగి ఎత్తినాడు. నాకు వేలే పోయింది, కండ్లు పోలేదు. గెలుపు ఎవురడిగినారు నిన్ను? సచ్చేదైనా నేనే సావల్ల."

ఇది మీరు గుర్తుపెట్టుకోండి. చేతకానివాళ్ళ కోసమని సులువు చేసి పెట్టేటప్పుడు మనం వాళ్ళకు ఆట ఇవ్వడం లేదు, ఆటలాంటి బొమ్మ ఇస్తున్నాం. నస్రీన్‌కు కావలసింది అదే కొండ, అదే శత్రువు, అదే ఒక్క దెబ్బ చావు. దారి ఒక్కటే వేరుగా కావాలి. ఆ దారి మా దగ్గర లేదు. అప్పటికి శ్రీనివాసులు, సులువు ఆట కోసమైనా ఈ కట్టెలు దండగని, వాటిని మొత్తానికి తీసేద్దామనే నిర్ణయానికి వచ్చేశాడు. తీసేస్తే నస్రీన్ టెస్టరుగా ఉండే అవకాశమే పోతుంది.

ఇడుపు

ఆ మాట తేల్చడానికి కూర్చున్నాం. నేను తీసెయ్యొద్దన్నాను. శ్రీనివాసులు తెల్లబోయాడు. పిల్లల ఆట అనింది మీరే గదా మేడమ్ అన్నాడు. ఈ కట్టె బాగాలేదన్నాను, చెయ్యి బాగాలేదన్నానా అన్నాను. నేను నస్రీన్ మీద జాలితో మాట్లాడుతున్నానని అతను అన్నాడు. ఆ మాట ఆ పిల్ల ముందు అను చూద్దాం, కట్టెతో కొడుతుంది అన్నాను. ఆలస్యం సంగతేమిటి, విదిలింపు సంగతేమిటి అని అతను అడిగాడు. ఆ రెంటికీ నా దగ్గర జవాబు లేదు. అయినా తగ్గలేదు. మాట మీద మాట పెరిగింది. చివరికి నా పాత స్టూడెంటు చేతులు జోడించేశాడు.

"మీకు పట్టే గానీ ఇడుపు ల్యాదు మేడమ్. కాలేజీ నుంచీ ఇంతే."

పట్టూ విడుపూ లేని మనిషి అని నన్ను తిట్టడం కొత్త కాదు. బదులివ్వడానికి నోరు తెరిచాను. అప్పుడే గుర్తొచ్చింది. ఆ మాట నేను మొదట విన్నది తిట్టుగా కాదు.

రాయచోటి దగ్గర మా జొన్నచేలో మంచె మీద మా చిన్నత్త నాకు ఒడిసెల నేర్పింది. నేను బలమంతా పెట్టి విసిరేదాన్ని. రాయి నా వెనక పడేది. చిన్నత్త నవ్వి నవ్వి మంచె గుంజ పట్టుకునేది. విసిరేది కాదే పిచ్చిదానా అనేది. "పట్టు గట్టిగుండల్ల, తిప్పేది వాటంగుండల్ల. మిగిలిందంతా ఇడుపులో ఉండాది. ఇడిసినాక చూడగాకు, ఇంకో రాయి ఎత్తుకో."

ఆటలో రాయి వేసే బటన్‌కు మేం తెర మీద 'విసురు' అని పేరు పెట్టాం. ఆ ఒక్క మాట మా అందరి బుర్రలనూ చెడగొట్టింది. విసురు అన్నాక ఓబులేశు ఊపులో వేగం వెతికాడు. విసురు అన్నాక ఆడేవాళ్ళు చెయ్యి ముందుకు విదిలించారు. చిన్నప్పుడు ఒడిసెల తిప్పిన నేను కూడా, ఇన్నాళ్ళూ బటన్ నొక్కే వేలితో ఆలోచించి, విసురే అన్నాను. కత్తితో విసురుగా వేటు వేస్తే చెయ్యి వెళ్ళి దేనికో తగలాలి. ఊపుడు కట్టెతో అది గాలికే తగులుతుంది, చెయ్యి మోసపోయినట్టు వెలితిగా ఆగుతుంది. ఒడిసెల అలా కాదు. నిజంగా తిప్పినప్పుడు కూడా చివర చేతికి తగిలేది ఏమీ లేదు. వదలడమే పని. తగలనవసరం లేని ఆయుధం చేతిలో పెట్టుకుని, తగిలించడం ఎలాగని కొట్టుకుంటున్నాం.

మెడలో ఐడీ కార్డు పట్టీ తీశాను. టీ గిన్నె పక్కనున్న నిమ్మకాయ తీసుకున్నాను. అందరూ నా వెనకే డాబా మీదికి వచ్చారు. పట్టీ మడిచి, కొస ఒకటి వేలికి చుట్టి, ఒకటి పట్టుకుని, నిమ్మకాయ మధ్యలో ఇరికించి తిప్పాను. చిన్నతనం తర్వాత మళ్ళీ తిప్పింది అదే. వదిలాను. నిమ్మకాయ వెనకింటి నీళ్ళ ట్యాంకుకు పోయి ఢామ్మని తగిలింది. ఆ ఇంటావిడ బయటికొచ్చి, ఎవురమ్మా అది, ట్యాంకీ పగలగొడతాండారా అంది. ఆఫీసు పనమ్మా అన్నాను. ఆఫీసులో ఇదా పని అని ఆమె లోపలికి పోయింది. మా పెద్దత్తకు తగిన జోడు.

ఓబులేశు ట్యాంకును చూడటం లేదు, నా వేళ్ళను చూస్తున్నాడు.

"మేడమ్, అయితే నేను ఊపు చూడాల్సిన పనే లేదు. ఏలు ఎప్పుడు లేచిందో చూస్తే సాలు."

అంతే సంగతి. కట్టె కింది వైపు చూపుడువేలికి అందే మీట ఒకటి ఉంది. దాన్ని నొక్కి పట్టుకోవడం పట్టు. మణికట్టుతో తిప్పడం తిప్పు. వేలు లేపడం విడుపు. ఎంత గట్టిగా ఊపావన్నది లెక్కే కాదు, ఎప్పుడు వదిలావన్నదే లెక్క. వేలు లేచిన సంగతి మిషన్‌కు అప్పటికప్పుడే తెలుస్తుంది, ఊపు తగ్గేదాకా కాచుకోనక్కరలేదు. ఇంకొకటి ఓబులేశే కనిపెట్టాడు. బటన్ నొక్కితే చెయ్యి అదురుతుంది, గురి కదులుతుంది. వేలు వదిలితే అదరదు. అంటే గురి చూసే ఆటకు నొక్కడం కంటే వదలడమే మేలు.

ఇన్నేళ్ళ తర్వాత నా తీర్పు ఇది. నచ్చకపోతే వాదించండి, నాకు ఇప్పుడు తీరికే. చెయ్యి ఊపి ఆడే ఆట కష్టమైన ఆట కాగలదు. ఊపును లెక్కపెడితే కాదు. దెబ్బ కొట్టే పనికి, తన్నే పనికి, గుద్దే పనికి పనికిరాదు. చేతికి ఎదురు ఏమీ తగలదు కాబట్టి చెయ్యి నమ్మదు. గురి చూడటానికి, మోయడానికి, తూచడానికి, వదలడానికి మాత్రం బటన్ కంటే మిన్న. ఎటు, ఎంత అన్నది చెయ్యి చెప్పాలి. ఇప్పుడు అన్నది వేలు చెప్పాలి. బటన్లు గొప్పా, కదలిక గొప్పా అని తగువులాడేవాళ్ళు తమ రెండు చేతులకే ఒకదానితో ఒకటి పందెం పెట్టుకున్నట్టే.

చివరి బురుజు

శ్రీనివాసులు ఒక షరతు పెట్టాడు. అది న్యాయమైన షరతు. అసలు ఆట, ఏమీ తగ్గించకుండా, కొండ కింది నుంచి చివరి బురుజు దాకా ఊపుడు కట్టెతో ఒక్కరు గెలిచి చూపిస్తే దాన్ని ఉంచుతాను అన్నాడు. ఎవరు ఆడాలన్నది ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం అన్నాల తర్వాత మొదలుపెట్టింది. కింద పాలిష్ మిషన్లు మోగుతున్నాయి. మొదటి బురుజులోనే చచ్చింది. శ్రీనివాసులు నా వైపు చూశాడు. నేను నస్రీన్ వైపు చూశాను. ఆమె తెర చూసి అంది, తొందరపడి ఇడిస్తి, ఇంకొక సుట్టు తిప్పాల్సింది. మళ్ళీ మొదలు. మూడో బురుజు. చచ్చింది. పక్క నుంచి వచ్చేవాన్ని చూల్యా, నా తప్పే. మళ్ళీ మొదలు.

నేను కుర్చీలోంచి లేచింది అప్పుడే, గెలిచినప్పుడు కాదు. ఈ కట్టెతో ఆడిన ఏ ఒక్కరూ అంతకుముందు తప్పు నాదే అనలేదు. వేలు పోయిన ఈ పిల్ల చావుచావుకూ తన తప్పు తాను చెప్పుకుంటోంది, తర్వాతిసారి ఆ తప్పు చెయ్యడం లేదు. ఆట ఉందని నాకు తెలిసిపోయింది. ఇక గెలుపు శ్రీనివాసులు కోసం.

ఆమెను చూస్తూ నిలబడ్డాను. అంతకుముందు భుజాలు కదలని మనిషి. ఇప్పుడు లేచి నిలబడి ఉంది. పాదం ఒకటి వెనక్కి వేసింది, ఎవరు చెప్పారో తెలియదు. మణికట్టు చిన్నగా, పొదుపుగా, వాటంగా తిరుగుతోంది. బొటనవేళ్ళలో ఉండే ప్రాణం ఆమె నడుము లోంచి, మోకాళ్ళ లోంచి పాకి చేతిలోకి వస్తోంది. ఒక దారి మూసుకుపోతే అంత విద్యా ఇంకో దారి వెతుక్కుంటూ వంట్లో తిరగడం నేను కళ్ళారా చూశాను. అది ఆమె వేళ్ళలో ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాం. వేళ్ళలో లేదు. ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరి బురుజు మీదికి ఇనప ముసుగు వేసుకున్న గుర్రపు రౌతు వస్తాడు. గుర్రం ముందుకాళ్ళు ఎత్తినప్పుడు మాత్రమే వాడి ముసుగుకూ కవచానికీ నడుమ మెడ కనబడుతుంది. ముందుగా వదిలితే రాయి ఇనుముకు తగులుతుంది. ఆలస్యమైతే గుర్రం వచ్చి మన మీద పడుతుంది. బటన్లతో అంతదాకా వచ్చిన మా టెస్టర్లు చాలామంది అక్కడే ఆగిపోయేవాళ్ళు.

ఆటలో రాయి అందుకోవాలంటే చెయ్యి నడుము దగ్గరికి దించాలి, అక్కడ రాళ్ళ సంచి ఉన్నట్టు. నస్రీన్ దించింది, ఎత్తింది, తిప్పుతోంది. గుర్రం వస్తోంది. శ్రీనివాసులు కుర్చీ అంచుకు జరిగాడు. ఓబులేశు కళ్ళు మూసుకున్నాడు. గుర్రం కాళ్ళు ఎత్తింది. ఆమె ఇంకా వదల్లేదు. వదల్లేదు. వదిలింది.

రాయి గాలిలో ఉంది. ఆట అయిపోయిందో లేదో మాలో ఎవరికీ తెలియదు. నస్రీన్ చూపు అప్పటికే రౌతు మీద లేదు. చెయ్యి దిగి నడుము దగ్గరికి పోయింది, ఇంకో రాయి కోసం.

ఇడిసినాక చూడగాకన్న మా చిన్నత్త మాట నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.